రోమ్: టోటల్ వార్‌లో గెలిచిన నగరాల్లో తిరుగుబాట్లను అణచడం ఎలా?

2004లో వచ్చిన రోమ్: టోటల్ వార్ అనే కంప్యూటర్ యుద్ధ వ్యూహ ఆటను నేను కొన్ని వారాలుగా సిపియై అనే రోమన్ వంశం పక్షాన ఆడుతున్నాను. కార్తేజ్‌ను గెలిచినప్పుడు పెద్దగా ఇబ్బంది రాలేదు గానీ, అలెగ్జాండ్రియాను పట్టుకున్న నాటి నుండి అక్కడ ప్రజా శాంతి 70 శాతానికి దిగువనే ఉండి, ఆటలో ప్రతి రెండు మూడు వంతులకు (టర్న్‌లకు) ఒకసారి అల్లర్లు చెలరేగుతున్నాయి. నగరం చేతికి వచ్చినప్పుడు జనాన్ని సంహరించడానికి మనసొప్పక, బానిసలుగానూ పంపక, కేవలం ఆక్రమించి ఊరుకున్నాను. ఆ దయకు ఫలితమే ఇదని ఇప్పుడు అనిపిస్తోంది.

వివరాల పట్టికలో మూడు కారణాలు ప్రధానంగా కనిపిస్తున్నాయి: రాజధాని కాపువా నుండి దూరం, సంస్కృతి భేదం, జనాభాతో పాటు పెరిగే మురికి. పన్ను తగ్గిస్తే తాత్కాలికంగా శాంతిస్తున్నారు, అయితే తక్కువ పన్ను వల్ల జనాభా మరింత వేగంగా పెరిగి, మురికి మళ్లీ మొదటికి తెస్తోంది. కాపలా బలానికి సైనికుల నైపుణ్యం కంటే సంఖ్యే ముఖ్యమని గ్రహించి చవకైన రైతు దళాలను నింపాను, కానీ వాటి పోషణ ఖర్చుకు ఖజానా ఖాళీ అవుతోంది.

పాత ఈజిప్టు ఆలయాన్ని కూల్చి మన ఆలయం కట్టడం మేలా? రాజధానిని తూర్పుకు మారిస్తే ఇటలీ నగరాలు అదుపు తప్పుతాయా? సైన్యాన్ని బయటకు తీసి, తిరుగుబాటు జరగనిచ్చి, మళ్లీ పట్టుకుని జనాభాను తగ్గించడమే మార్గమని కొందరు చెబుతున్నారు. అంత కఠినమైన పనికి దిగకుండా నిలబెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, ఏ క్రమంలో ఏమి చేశారో దయచేసి తెలియజేయగలరు.