తప్పెటగుళ్ళు ఫొటోకి డిస్పర్షన్ ఎఫెక్ట్: బాగుందా, పాడైందా?

నాగావళిగట్టు:
మా ఊరి జాతరలో తప్పెటగుళ్ళు, అంటే తప్పెట కొడుతూ ఎగిరి ఆడే ఆట, జరుగుతుంటే తీసిన ఫొటో ఇది. గుండెల మీద తప్పెట కట్టుకుని ఒక కళాకారుడు గాల్లోకి లేచినప్పుడు దొరికింది. షట్టర్ 1/800, చీకటి పడుతోంది కాబట్టి ఐఎస్ఓ 3200. ఫొటోషాప్‌లో డిస్పర్షన్ ఎఫెక్ట్ ఇచ్చాను, నడుము కింద నుంచి ఒళ్ళంతా ముక్కలై ఎడమవైపుకి చెదిరిపోతుంది. బృందం వాళ్ళు పోస్టర్ వేయించుకుంటామన్నారు. ఎలా ఉందో చెప్పండి.

పాతకెమెరా:
ఎగిరినోడిని అంత చక్కగా పట్టుకుని మళ్ళీ పొడి చేయడం ఏటి తమ్ముడూ? 1878లో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదులుతాయని ఫొటోల్లో చూపించాడు. యాక్షన్ ఫొటో అంటే అదీ. కంటికి దొరకనిది నీకు దొరికింది, దాన్నే తుడిచేశావు.

లేయర్‌మాస్టర్:
గుర్రం సంగతి తర్వాత గానీ, ముక్కలు ఎడమకి ఎందుకు పోతున్నాయి? ఆయన ఎగిరేది పైకి. ఫొటో కాపీ లేయర్‌ని లిక్విఫైలో (బొమ్మని సాగదీసే ఫిల్టర్) ఫార్వర్డ్ వార్ప్‌తో లాగేటప్పుడే దిక్కు తేల్చుకోవాలి, కదలిక ఎటుంటే దానికి ఎదురుగా, అంటే ఇక్కడ కిందకి లాగాలి. పైగా ముక్కలన్నీ ఒకే సైజు. ఒంటి దగ్గర పెద్దవి, దూరం పోయేకొద్దీ చిన్నవి ఉండాలి, బ్రష్ సైజు మారుస్తూ వేయాలి.

గంటస్తంభం:
సూపర్ అన్నా. ఆ చుక్కల బ్రష్ ఎక్కడ దొరికింది?

నాగావళిగట్టు:
బ్రష్ సైజు ఒప్పుకుంటా. దిక్కు మాత్రం ఒప్పుకోను. భుజం చూడండి, కుడివైపుకి వంగి ఉంది, దూకేది అటే. అందుకే ముక్కలు వెనక్కి, ఎడమకి.

లేయర్‌మాస్టర్:
భుజం కాదు, తలపాగా కొస చూడు. నిలువుగా ఉంది. పక్కకి దూకితే అది కూడా పక్కకి పోవాలి కదా.

పాతకెమెరా:
తలపాగా, భుజం అంటూ కొట్టుకుంటున్నారు. నిజంగా చెదిరేది దుమ్ము, అది లేచేది కాలి దగ్గర. మీకు కాలే లేదు.

ఆమదాలవలస_కుర్రోడు:
వరల్డ్ ప్రెస్ ఫొటో లాంటి పోటీకి పంపితే, ఉన్నది తీసేసి లేనిది కలిపారని బయటికి పంపేస్తారు. పోస్టర్‌కి ఆ రూలు దేనికి గురువుగారూ?

లేయర్‌మాస్టర్:
అదీ మాట. కెమెరా పట్టుకున్న పెద్దలకి ఎడిటింగ్ అంటే చులకన. క్లిక్కు మీది, కళ మీది, మాది బొమ్మలాట!

పాతకెమెరా:
చులకన కాదు బాబూ, కడుపుమంట. ఒకసారి సిరిమానోత్సవంలో పొద్దున్నుంచి ఒక డాబా మీద ఎండలో నిలబడి, మాను కదిలే ఫొటో తీశాను. ఒక స్టూడియోవాళ్ళు దానికి నిప్పురవ్వలు జల్లి ఫ్లెక్సీ కొట్టారు, కింద డిజైన్ చేసినవాడి పేరు. నా పేరు అడిగితే "మీది బేస్ ఇమేజ్ అండీ" అన్నారు. బేస్ ఇమేజట!

లేయర్‌మాస్టర్:
మీకు ఎండ, మాకు రాత్రి జాగారం. పెళ్ళి ఆల్బమ్‌లన్నీ మేము దిద్దితే పేరు ఎవరిది? ఫొటోగ్రాఫర్‌ది. మాకు పేజీకింత అని చేతిలో పెట్టి పంపేస్తారు. మీ ఒక్క ఫ్లెక్సీకే ఇంత ఏడుపైతే మేము రోజూ ఏడవాలి.

నాగావళిగట్టు:
అన్నలూ, ఫొటో నేనే తీశాను, ఎడిటింగ్ కూడా నాదే. మీ పాత లెక్కలు నా పోస్టు కింద ఎందుకు?

తప్పెటమోత:
ఫొటోలో ఉన్నది మా పెదనాన్న. ఫోన్‌లో చూపిస్తే "నా కాళ్ళేవిరా" అన్నాడు. తప్పెటగుళ్ళలో చూసేవాళ్ళ కళ్ళు కాళ్ళ మీదే ఉంటాయి. గజ్జెలు, అడుగు, ఎగురు, అన్నీ అక్కడే. మీరంతా ముక్కలు ఎటు పోవాలని తగువాడుతున్నారు గానీ ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

గంటస్తంభం:
ఇది పాయింటే.

నాగావళిగట్టు:
పెదనాన్నగారికి చెప్పు తమ్ముడూ, ఏదీ చెరిగిపోలేదు. పై లేయర్ మాస్క్ మీద నలుపు వేసి దాచాను, అంతే. తెలుపు వేస్తే కాళ్ళు, గజ్జెలు ఉన్నవి ఉన్నట్టు తిరిగొస్తాయి. రాత్రికి మార్చి పెడతా.

లేయర్‌మాస్టర్:
కాళ్ళు తెచ్చేస్తే ముక్కలు ఇక దేన్నుంచి రావాలి? చేతుల నుంచా? అలాగైతే దిక్కు మళ్ళీ చూసుకోవాలి.

తప్పెటమోత:
చేతులు తప్పెట మీద ఉన్నాయి బాబూ. అవీ తీసేయకండి.

పాతకెమెరా:
అదంతా సరే, పోస్టర్ కింద ఎవరి పేరు వేస్తున్నావో మాత్రం ఇంకా చెప్పలేదు. నీదా, ఆయనదా?