ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో ఒకదాని కింద ఒకటి పేర్చిన గ్రాఫులలో తేదీలు నిలువుగా కలవడం లేదు

ప్రశ్న

నమస్కారం. హైదరాబాదు జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లపై వానాకాలపు నివేదిక తయారు చేస్తున్నాను. ఒక్కొక్క జలాశయానికి వర్షపాతం, నీటిమట్టం, ఇన్‌ఫ్లో (లోపలికి వచ్చే నీరు) చూపే మూడేసి గ్రాఫులను ఆర్‌లో గ్రాఫులు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీతో గీసి, గ్రాఫులను పేర్చే గ్రిడ్.అరేంజ్ ఫంక్షన్‌తో మూడు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలుగా పేర్చాను. వాన పడిన ఎన్ని రోజులకు మట్టం పెరిగిందో పైనుంచి కిందికి చూపు దించగానే తెలియాలన్నది నా కోరిక. అన్నింటికీ ఒకే వెడల్పు ఇచ్చినా, ప్రింటు మీద స్కేలు పెట్టి చూస్తే జూలై 15 పై గ్రాఫులో ఒకచోట, కింది గ్రాఫులో నాలుగు మిల్లీమీటర్లు పక్కకు ఉంటోంది. దీనిని ఎలా సరిచేయాలి?

మొదటి జవాబు

గ్రిడ్.అరేంజ్ సమానంగా పంచేది గ్రాఫు మొత్తానికి పట్టే చోటునే గాని, లోపల గీతలు ఉండే ప్యానెల్‌ను కాదండీ. వర్షపాతం అక్షం మీద 40 అన్న రెండంకెలకు పట్టే చోటు కన్నా ఇన్‌ఫ్లో అక్షం మీద 12,000కు పట్టే చోటు ఎక్కువ కాబట్టి, ఆ మేరకు ప్యానెల్ కుడికి జరిగి ఇరుకవుతుంది. ప్యాచ్‌వర్క్ ప్యాకేజీ ఒకే నిలువు వరుసలోని అక్షాలలో అన్నింటికన్నా వెడల్పయినదాన్ని లెక్కించి, మిగతావాటికీ అంతే చోటు వదులుతుంది. అందులోని ర్యాప్_ప్లాట్స్ ఫంక్షన్‌కు ఆరు గ్రాఫులూ ఇచ్చి, నిలువు వరుసల సంఖ్యను చెప్పే ఎన్‌కాల్ విలువ 2 అని పెట్టండి. కౌప్లాట్ అనే మరో ప్యాకేజీలోని ప్లాట్_గ్రిడ్‌తోనూ ఈ పని అవుతుంది గాని, అందులో అలైన్ (ఏ దిశలో కలపాలి), యాక్సిస్ (ఏ అంచులు కలపాలి) రెండూ మనమే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. అంచులు ఇప్పుడు చక్కగా కలిశాయి. అయితే తేదీలు ఇంకా వెంట్రుకవాసి తేడాతో ఉన్నాయి. అన్నింటిలోనూ డేటా జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకే ఉంది. తేదీల అక్షాన్ని అమర్చే స్కేల్_ఎక్స్_డేట్‌లో ఈ రెండు తేదీలనూ హద్దులుగా ఇస్తే, వర్షపాతంలో మొదటి కడ్డీ, చివరి కడ్డీ మాయమయ్యాయి.

రెండవ జవాబు

ఆ తేడా కడ్డీల వల్ల వస్తున్నది. రోజువారీ డేటాకు జియోం_కాల్ గీసే కడ్డీ 0.9 రోజు వెడల్పు ఉంటుంది, అంటే తేదీకి అటూ ఇటూ 0.45 రోజు చొప్పున పరుచుకుంటుంది. నీటిమట్టపు గీత మాత్రం సరిగ్గా జూన్ 1 మీదే మొదలవుతుంది. అందువల్ల డేటా ఒకటే అయినా రెండు అక్షాల పరిధి ఒకటి కాదు. స్కేలులో హద్దు పెడితే, జూన్ 1 కడ్డీ ఎడమ అంచు హద్దు దాటినందున ఆర్ ఆ కడ్డీనే తీసేస్తుంది. కోఆర్డ్_కార్టీజియన్‌లో ఎక్స్‌లిమ్‌గా అవే తేదీలు ఇవ్వండి. అది చూపే మేరను మార్చుతుందే తప్ప డేటాను తాకదు. ఆరింటికీ ఒకేసారి వర్తించాలంటే ఆంపర్సండ్ (&) గుర్తుతో కలపాలి, ప్లస్ గుర్తుతో కలిపితే చివరి గ్రాఫు ఒక్కటే మారుతుంది.

మూడవ జవాబు

నీటిమట్టం వరుస గురించి ఒక మాట చెప్పాలి. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. రెండింటికీ ఒకే వై అక్షం పెడితే గీతలు చదునుగా కనిపిస్తాయి. దేని అక్షం దానికి వదిలేస్తే ఒకచోట రెండడుగుల పెరుగుదల మరోచోట పదడుగులంత ఎత్తుగా అగుపించవచ్చు. కనుక హద్దులు వేరైనా నిడివి ఒకటే ఉండేలా, ఉదాహరణకు 1,765 నుంచి 1,790, 1,738.5 నుంచి 1,763.5 అని ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. మీ మట్టాలు అంతకన్నా దిగితే నిడివిని రెండింటికీ సమానంగా పెంచండి. ఈ హద్దులను వై అక్షాన్ని అమర్చే స్కేల్_వై_కంటిన్యువస్‌లోనే పెట్టాలి, ఎందుకంటే పైన చెప్పినట్టు ఆంపర్సండ్‌తో కోఆర్డ్_కార్టీజియన్‌ను కలిపినప్పుడు గ్రాఫులో అంతకుముందు పెట్టిన అలాంటి కోఆర్డ్ అమరిక పోతుంది.