ఈ వారం సమస్య: నిండు కుండలోన నీరు పరుగు

పాతనోట్‌బుక్:
ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. నిండు కుండ తొణకదని చిన్నప్పటి నుంచీ విన్నాం, ఇక్కడేమో పరుగెడుతోంది. షరతు ఒక్కటే: పూరణ ప్యాక్డ్ బెడ్ రియాక్టర్లోంచి, అంటే రసాయన చర్య కోసం గుళికలు నింపిన పాత్రలోంచి, రావాలి. బిందెలు, రాజకీయాలు వద్దు. అంకెలు కూడా ఇస్తున్నా. గుళికలు నింపిన పాత్ర 20 లీటర్లు, నీటి ప్రవాహం నిమిషానికి 4 లీటర్లు. నీరు లోపల ఎంతసేపు ఉంటుంది?

ఫైనలియర్:
పాత్ర ఘనము కొలిచి పారు నీటను బంచి
లెక్క గట్టినాను లెస్సగాను
గుళిక లెన్నియున్న గుండమదే గదా
నిండు కుండలోన నీరు పరుగు
జవాబు 5 నిమిషాలు.

యతిభంగం:
గణాలు, యతులు సరిపోయాయి. రెండో పాదం హాయిగా నడిచింది. కానీ మూడో పాదమే నాలుగో పాదాన్ని కొట్టేసింది తమ్ముడూ. గుళికలున్నా లేకున్నా గుండం ఒకటే అయితే నీరు ఎందుకు పరుగెత్తాలి? సమస్య విడలేదు, పక్కన కూర్చుంది. మీ 5 నిమిషాలు ఖాళీ పాత్రకి సరిపోతాయి.

పాతనోట్‌బుక్:
20ని 4తో భాగించడమే తప్పని అనుకోకండి. దాన్ని స్పేస్ టైం అంటారు, రియాక్టర్లను పోల్చడానికి రోజూ వాడేదే. అదే నీరు లోపల గడిపిన సమయం అనుకోవడం దగ్గరే అందరం జారిపడతాం. నేనూ పడ్డాను, అదీ వైవాలో.

షిఫ్ట్‌బి:
నూటి కరువదింట నున్నవి గుళికలె
మిగులు సందులందె మెలగు నీరు
దారి చిక్కె గాన దౌడు తప్పదు గదా
నిండు కుండలోన నీరు పరుగు
గుండ్రటి గుళికలు ఎలా పడితే అలా పోస్తే ఖాళీ సుమారు 36 నుంచి 40 శాతం ఉంటుంది. 40 అనుకుంటే నీటికి మిగిలింది 8 లీటర్లే. నిమిషానికి 4 లీటర్లంటే 2 నిమిషాల్లో బయటపడుతుంది. ఖాళీ పాత్రలో కన్నా వేగం రెండున్నర రెట్లు.

యతిభంగం:
ఇదీ పూరణంటే! "దారి చిక్కె" చాలా బాగుంది. చిక్కడమంటే సన్నబడటం, ఆ ఒక్క మాటతో కారణం చెప్పేశారు. అయితే మొదటి పాదం గుండ్రటి గుళికలకే చెల్లుతుంది. పల్చటి లోహపు రింగులు పోస్తే ఖాళీ 80 శాతం దాటడం మామూలే. అప్పుడు "నూటి కిరువదింట" అని మార్చుకోండి, గణం చెడదు. కానీ వేగం పావు వంతే పెరుగుతుంది, దాన్ని దౌడు అనగలమా?

సందుగొందు:
గోడ పక్క సందు చిక్కదు గుళికకు
దాని వెంట సాగు దారి తెలిసి
నడుమ నున్న చుక్క నత్తలా మసలగ
నిండు కుండలోన నీరు పరుగు

యతిభంగం:
మొదటి పాదంలో యతి తప్పింది, గో-కి చి- కుదరదు. రెండు మాటలూ అటూ ఇటూ మార్చి "గుళికకు చిక్కదు" అంటే చాలు. "నత్తలా" వ్యావహారికం, "నత్తవలె" అంటే గణం పోతుంది, ఉండనివ్వండి. విషయం మాత్రం గట్టిది. గోడ దగ్గర గుళికలు దట్టంగా సర్దుకోవు, నీరు అక్కడ అడ్డదారి పడుతుంది. పాత్ర వ్యాసం గుళిక వ్యాసానికి కనీసం పది రెట్లు ఉండాలనేది అందుకే.

పాతనోట్‌బుక్:
అన్ని చుక్కలకూ ఒకే సమయం ఉండదన్నదే ఈ పద్యంలో అసలు సంగతి. 1953లో రసాయన ఇంజనీరు డాంక్‌వర్ట్స్ దీన్ని నివాస సమయ విభాజనంగా, అంటే ఎంత నీరు ఎంతసేపు లోపలుంటుందనే పంపకంగా, లెక్కలోకి తెచ్చాడు. పైన తేలిన 2 నిమిషాలు సగటే.

షిఫ్ట్‌బి:
ఒక అనుభవం. మా దగ్గర ఇలాంటి బెడ్‌లోకి ఒక్కసారిగా ఉప్పునీళ్లు వదిలి, బయటికొచ్చే నీటి వాహకత (ఉప్పు ఎక్కువైతే పెరిగే విద్యుత్ ప్రసరణ గుణం) కొలిచాం. 2 నిమిషాలు రావాలి, సగటు మూడున్నర దగ్గర తేలింది. మీటరు పాడైందనుకుని మార్చాం, మళ్లీ అంతే. తర్వాత వెలిగింది: గుళికల్లో సగం సూక్ష్మరంధ్రాలే! 12 లీటర్ల గుళికల్లో 6 లీటర్ల నీరు. 8, 6 కలిపితే 14 లీటర్లు, నాలుగుతో భాగిస్తే మూడున్నర. ఉప్పు గుళికకి అంటుకోకపోతేనే ఈ లెక్క.

ఫైనలియర్:
అంటే నా 5కి దగ్గరైనట్టేగా?

షిఫ్ట్‌బి:
దగ్గరైంది, కానీ మీ దారిలో కాదు :) నా రెండో పూరణ:
గుళిక గుండెలోన గూడులు వేవేలు
దూరి కొంత నీరు తూగుచుండు
నిదుర రాని దింక నిలుచునే యొకచోట
నిండు కుండలోన నీరు పరుగు

యతిభంగం:
తూగడమంటే ఊగడమూ, కునుకు తీయడమూ. రంధ్రాల్లోకి పోతూ వస్తూ ఉండే నీటికి రెండూ నప్పాయి. వంక పెట్టాలని మూడుసార్లు చదివాను, దొరకలేదు.

పాతనోట్‌బుక్:
ఈ వారానికి ఇదే నా ఓటు. వచ్చే వారం తేటగీతి, నీటి బదులు వాయువు, అమ్మోనియా కన్వర్టర్లోంచి:
నలుగు రేగిన నిద్దరే నగరు గనిరి