అంటువ్యాధి కాలపు చట్టాలకు గడువు తేదీ వేయాలా, వద్దా?

బురుజు వీధి, కర్నూలు:
2020 ఏప్రిల్‌లో మా నాన్న కిరాణా కొట్టు టైము దాటి పావుగంట తెరిచి ఉందని, అధికారి ఉత్తర్వు మీరారంటూ ఐపీసీ 188 సెక్షన్ కింద కేసు రాశారు. ఆ సెక్షన్‌లో అప్పట్లో జరిమానా 200 రూపాయల దాకా, ప్రాణాలకు ముప్పు ఉందంటే 1000 దాకా. మేం తిరిగిన ఆటో చార్జీలే అంతకు మించాయి. దీనికంతా మూలం ప్లేగు రోజుల్లో తెల్లోళ్లు తెచ్చిన 1897 అంటువ్యాధుల చట్టం. "తాత్కాలిక నిబంధనలు" పెట్టొచ్చు అంటుంది గానీ, తాత్కాలికం అంటే ఎన్నాళ్లో చెప్పదు. 144 సెక్షన్ ఉత్తర్వుకే అప్పట్లో రెండు నెలల గడువుండేది కదా. ఈ చట్టానికీ తేదీ వేయాలి. కాదంటారా?

సిస్టర్, అనంతపురం:
కాదంటాను తమ్ముడూ. ఏడాది గడువు వేసి ఉంటే 2021 మార్చికి అయిపోయేది. ఏప్రిల్లో సెకండ్ వేవ్. బెడ్లు చాలక వరండాలో స్ట్రెచర్ల మీదే ఆక్సిజన్ పెట్టాం. ఆ రోజుల్లో ఎవరు సభ పెట్టి చట్టం పొడిగిస్తారు? 2020లో అదే చట్టాన్ని సవరించి, మా మీద చెయ్యి చేసుకుంటే మూడు నెలల నుంచి ఐదేళ్ల జైలు అన్నారు. అదీ గడువు తీరి పోవాలా?

బురుజు వీధి:
అది ఉండనీ అక్కా. బ్రిటన్ వాళ్లు 2020 కరోనా చట్టానికి రెండేళ్ల గడువు పెట్టుకున్నారు. ఆర్నెల్లకోసారి సభలో ఓటు కూడా. వాళ్లేం మునిగిపోలేదే.

వకీలు, కడప:
సగమే చెప్తున్నావు బాబూ. ఇంగ్లండులో లాక్‌డౌన్ నిబంధనలు చాలావరకు 1984 నాటి ప్రజారోగ్య చట్టం కింద వచ్చినవి. దానికి గడువే లేదు. కాకపోతే అర్జెంటుగా తెచ్చిన నిబంధనకు 28 రోజుల్లో పార్లమెంటు ఊ అనకపోతే అది చెల్లదు. మన దగ్గర తేదీలు లేకనా? విపత్తు నిర్వహణ చట్టం కింద లాక్‌డౌన్ మొదట 21 రోజులే అన్నారు. ఆ తర్వాత ఉత్తర్వు మీద ఉత్తర్వు ఇచ్చుకుంటూ కేంద్ర హోం శాఖ కరోనా ఆంక్షల్ని 2022 మార్చి 31 దాకా లాక్కొచ్చింది. గడువు వేసేదీ వాళ్లే, పొడిగించేదీ వాళ్లే. నా పేచీ అక్కడ. చట్టం ఉండనీ. ఉత్తర్వు పొడిగించాలంటే మాత్రం సభ ముందుకు రావాలి.

సిస్టర్:
ఆన్‌లైన్‌లో ఓటేస్తామంటే ఒప్పుకుంటా సార్. అందర్నీ ఒక హాల్లో కూర్చోబెడితే నాలుగో రోజుకు మా వార్డుకే వస్తారు.

బురుజు వీధి:
సార్, మరి మా నాన్న కేసు?

వకీలు:
188కి సంబంధిత అధికారి రాతపూర్వక ఫిర్యాదు లేకుండా కోర్టు కేసు తీసుకోకూడదు. ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉందా, ఆ ఫిర్యాదు కూడా ఉందా? ముందు కాగితాలు చూసి చెప్పు.