ముల్తానీ మట్టి వేస్తే బుగ్గల మీద పొట్టు లేస్తోంది, ముక్కు జిడ్డు మాత్రం అట్టే ఉంది: తేడా ఎక్కడ?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

ఈ ఉక్కకు నుదురు, ముక్కు, గడ్డం పొద్దున పదింటికే జిడ్డోడుతున్నాయి. బుగ్గలేమో పొడి. వారానికి మూడుసార్లు ముల్తానీ మట్టి వేస్తున్నాను. కొలత ఇదీ: మట్టి రెండు టీస్పూన్లు, అరచెక్క నిమ్మరసం, చిటికెడు పసుపు, జారుగా అయ్యేదాకా రోజ్ వాటర్. ఫ్యాను కింద అరగంట కూర్చుని, పూర్తిగా ఆరి బీటలిచ్చాక బోరు నీళ్లతో రుద్ది కడగడం. నెల తిరిగేసరికి బుగ్గల మీద పొట్టు, ముక్కు పక్కన ఎరుపు, మంట. జిడ్డు మాత్రం రెండు మూడు గంటలకే మళ్లీ తయారు. మట్టి చిన్నబజారులో విడిగా తూకానికి కొన్నది, పావుకేజీ. తేడా మట్టిలోనా, కొలతలోనా, చర్మానికే పడదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. "మానేయండి" అని ఒక్క ముక్కలో తేల్చొద్దు.

వేపచెట్టు_నీడ

ముందు మానేయమనే చెప్తానండీ, కాకపోతే మూడు వారాలకే. పొట్టు, మంట పూర్తిగా తగ్గేదాకా ఏ మట్టీ వద్దు. వాసన లేని మాయిశ్చరైజరు, సబ్బు కాని మెత్తటి ఫేస్‌వాష్, అంతే.

ఇక అసలు తేడా. బీటలిచ్చేదాకా ఉంచడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మట్టి తడిగా చర్మాన్ని అంటుకుని ఉన్నంతసేపే దానికి పని. పైనున్న నూనెను, మురికిని తనలోకి లాక్కుంటుంది. ఆరడం మొదలయ్యాక కుంచించుకుపోతుంది. చెరువు ఎండితే ఒండ్రు ఎట్టా నెర్రెలు బారుతుందో మీ ముఖం మీద జరిగేదీ అదే. పైపొర బిగుసుకుపోయి, ఉన్న కాస్త తేమా పోతుంది. "బిగుతుగా అనిపిస్తే పని చేస్తున్నట్టు" అనే మాట నమ్మకండి, ఆ బిగుతు ఎండిపోయినందుకే.

గడియారం చూడొద్దు, రంగు చూడండి. పూసినప్పుడు ముదురుగా ఉంటుంది. అంచుల్లో, ముక్కు దూలం మీద లేతబడటం మొదలై, మధ్యలో ఇంకా ముదురుగానే ఉండి, వేలు ఆనిస్తే చల్లగా, అంటీ అంటనట్టు తగిలితే కడిగే సమయం వచ్చినట్టే. ఫ్యాను కింద అది 8 నిమిషాలకే రావచ్చు. ముసురు పట్టిన కార్తీక మాసంలో 15 నిమిషాలు పట్టొచ్చు. ఒక చోట ముందే ఆరిపోతుంటే తడి వేలితో అక్కడ అద్దండి.

రెండోది నిమ్మరసం. దాని పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 నుంచి 2.5 మధ్య, చర్మానిది సుమారు 5. పొట్టు లేచిన చర్మం మీద అది మంట పెట్టక ఏం చేస్తుంది! పైగా నిమ్మ జాతి కాయల్లో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద మిగిలి, ఆ పైన ఎండ తగిలితే బొబ్బలు, నెలల తరబడి పోని నల్లమచ్చలు వస్తాయి. మన ఎండలకు అది చాలా తేలిగ్గా జరుగుతుంది. గూడూరు మార్కెట్టులో నిమ్మకాయలు ఎంత చవగ్గా దొరికినా ఊరగాయకే వాడండి. పసుపు వల్ల ఇక్కడ పెద్ద లాభమేమీ లేదు, మరక తప్ప. రోజ్ వాటర్‌లో సెంటు కలిపి ఉంటే అదీ మంటే. మంచినీళ్లు చాలు.

మూడోది, ముఖమంతా ఒకే మట్టి. ముల్తానీలో ఎక్కువగా ఉండేది మాంట్‌మొరిల్లోనైట్ జాతి మట్టి. దీని పొరల మధ్యకు కూడా నీళ్లు చొరబడతాయి. ఒక్క గ్రాము పొరలన్నీ విడదీసి పరిస్తే 700 చదరపు మీటర్లు దాటుతుంది, అంటే 17 సెంట్ల స్థలం. కయోలిన్, అదే తెల్లమట్టి, గ్రాముకు 10 నుంచి 20 చదరపు మీటర్లే, అర సెంటు కూడా నిండదు. అందుకే అది నెమ్మది. బెంటొనైట్ అని అమ్మే మట్టి ఇంకా గట్టి పిండం: బాగా ఉబ్బుతుంది, నీళ్లలో కలిపితే పీహెచ్ 9 దాకా పోతుంది. మీకు బెంటొనైట్ వద్దు. నుదురు, ముక్కు, గడ్డానికి ముల్తానీ. బుగ్గలకు ఏమీ వద్దు, లేదంటే పదిహేను రోజులకోసారి కయోలిన్.

కలిపే తీరు: చిన్న పింగాణీ గిన్నెలో ముందు నీళ్లు ఒక టీస్పూను. దాని మీద మట్టి ఒక టీస్పూను చల్లి, కదపకుండా 10 నిమిషాలు వదిలేయండి. తనంతట తాను తాగుతుంది, ఉండలు కట్టదు. అప్పుడు కలిపి, చాలకపోతే చుక్క చుక్కగా నీళ్లు. ఇడ్లీ పిండి కన్నా గట్టిగా ఉండాలి, స్పూను బోర్లిస్తే జారకూడదు. మీరు జారుగా కలుపుతున్నారు కదా, పల్చటి పూత అయిదు నిమిషాలకే ఎండి పెంకు కడుతుంది. రెండు మిల్లీమీటర్ల మందం, కింద చర్మం కనబడనంత. గ్లిజరిన్ మూడు చుక్కలు వేస్తే ఆరడం నెమ్మదిస్తుంది. కంటి చుట్టూ, పెదాల అంచున, కనుబొమల మీద వద్దు. స్టీలు గిన్నెలో కలిపితే మట్టి శక్తి పోతుందంటారు, పదినిమిషాలకు స్టీలుకేమీ కాదు, మట్టికీ కాదు.

జిడ్డు రెండు గంటలకే తిరిగి రావడం తప్పేమీ కాదు. నూనె గ్రంథులు లోపల ఉంటాయి, వాటిని నడిపేది హార్మోన్లు. మట్టి పైన పేరుకున్నది తుడుస్తుంది, ఊటను ఆపదు. వారానికి ఒకసారి, మండు వేసవిలో రెండుసార్లు. మూడోసారి వేస్తే జిడ్డు తగ్గదు, తోలు పోతుంది.

కనిగిరి_ఎండ (ప్రకాశం)

పై అన్న చెప్పినదాంట్లో నీళ్ల సంగతి రాలేదు. నా లెక్కలో మీ మంటకు సగం కారణం అదే.

కనిగిరి తట్టు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది తాగేవాళ్ల ఎముకలకు, పళ్లకు సమస్య. ముఖం కడుక్కునేవాళ్లకు సమస్య గట్టిదనం, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం. నెల్లూరులో కూడా చాలా బోర్లు ఇంతే. బక్కెట్టు అంచున తెల్లగా పొర కడుతోందా? సబ్బు నురగ రాకుండా విరిగినట్టు అవుతోందా? అయితే మీవి గట్టి నీళ్లే. ఆ విరిగిన సబ్బు తెట్టు చర్మం మీదే ఉండిపోయి దురద పెడుతుంది.

మట్టి విషయానికొస్తే, రెండు గాజు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో టిన్ను నీళ్లు (తాగడానికి కొనే శుద్ధి చేసిన నీళ్లు), ఒకదాంట్లో బోరు నీళ్లు పోసి తలా పావు స్పూను ముల్తానీ కలిపి చూడండి. గట్టి నీళ్లలో మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గుంపులై తొందరగా అడుక్కు దిగుతాయి, పైన నీళ్లు తేటబడతాయి. టిన్ను నీళ్ల గ్లాసు గంటల తరబడి మసకగానే ఉంటుంది. ఆ గుంపులే ముఖం మీద గరుకుగా తగిలేది, కడిగితే ఓ పట్టాన పోనిది. మీరు రుద్దేది అందుకే, రుద్దితే ఎర్రబడేదీ అందుకే.

కలపడానికి టిన్ను నీళ్లు రెండు స్పూన్లు, అదేమంత ఖర్చు కాదు. కడిగేటప్పుడు ముందు తడిపిన పాత నూలు గుడ్డను ముఖం మీద అర నిమిషం పరిచి ఉంచండి. మట్టి నానుతుంది. ఒత్తి తీయండి, రుద్దొద్దు. రెండుసార్లు అట్టా తీశాక బోరు నీళ్లు చల్లుకుని, ఆఖరి మగ్గు టిన్ను నీళ్లు. ముఖం తడి ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు, మాయిశ్చరైజరు.

మైకా_మెరుపు (సైదాపురం)

విడి మట్టి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను.

ముల్తానీ పేరు పాకిస్తాన్‌లోని ముల్తాన్ నుంచి వచ్చినా మన దేశంలో ఎక్కువగా తవ్వేది రాజస్థాన్‌లో. మన దాకా వచ్చేసరికి సంచులు మారతాయి, ఏం కలిసిందో తెలీదు. ఇంట్లో చూసుకోగలిగినవి కొన్ని. చిటికెడు తడిపి ముంజేతి మీద కాకుండా రెండు వేళ్ల మధ్య నలపండి. సబ్బులా జారితే మంచిది, ఇసక తగిలితే ముఖానికి పనికిరాదు. కొంత పొడి మీద వెనిగర్ చుక్క వేయండి. ఒకటి రెండు బుడగలొస్తే పర్లేదు, మట్టిలో సహజంగానే కాస్త సున్నపు పదార్థం ఉండొచ్చు. బుసబుసా పొంగితే సుద్దపొడి బాగా కలిసినట్టు. ఇంకోటి, గ్లాసు నీళ్లలో కలిపి రాత్రంతా వదిలితే పైన తేరిన నీళ్లకు రంగు ఉండకూడదు. "రోజ్ క్లే", "గ్రీన్ క్లే" అని అమ్మేవాటిలో నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే అది అద్దకం రంగు; ఇనుము వల్ల వచ్చిన రంగు నీళ్లలో కరగదు.

సీసం ఉందో లేదో మాత్రం ఈ పరీక్షలేవీ చెప్పవు. అందుకే నా సలహా, పావుకేజీ విడి సరుకు కన్నా తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ముద్రించి "ముఖానికి" అని ఉన్న 100 గ్రాముల ప్యాకెట్టు. వారానికి ఒక టీస్పూను, అంటే నాలుగైదు గ్రాములు వాడితే అయిదారు నెలలు వస్తుంది.

ఇంకో మాట. మా తట్టు మైకా గనుల దగ్గర తెల్లగా, మెత్తగా ఓ మట్టి కనబడుతుంది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ కుళ్లి కయోలిన్ అయిన మాట నిజమే. కానీ దాంట్లో మైకా రేకులు, పలుగురాతి పొడి ఉంటాయి. రేకుల అంచు గీసుకుంటుంది, పలుగుపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే అదో జబ్బు. మెరుస్తోంది గదా అని తెచ్చుకోవద్దు. ఏ మట్టైనా డబ్బాలోంచి ఎత్తి పోయకుండా స్పూనుతో తీయండి.

చేలగట్టు_చిన్నోడు

ఇంత రాద్ధాంతం దేనికి? పుట్టమన్ను తెచ్చి, ఎండబెట్టి, గుడ్డలో జల్లించి వాడితే సరిపోదా? ప్రకృతి వైద్యంలో వాడేది మట్టే గదా.

వేపచెట్టు_నీడ

అక్కడ నాలుగడుగుల లోతు మట్టి తీసి వాడతారు తమ్ముడూ, అదీ ఎక్కువగా పొట్ట మీద, పగలని చర్మం మీద. పైమట్టిలో ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయి. ఎండకు అవి చావవు. పొడి వేడిలో అయితే 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు కావాలి, మిద్దె మీద ఎండ ఎంత కాసినా అందులో సగం రాదు. చిదిమిన మొటిమ మీద అది పూస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? చేలగట్ల పుట్టలైతే పురుగుమందు సంగతి కూడా ఉంది.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

అందరికీ థ్యాంక్స్. గ్లాసుల పరీక్ష చేశాను, బోరు నీళ్ల గ్లాసు పావుగంటకే తేరుకుంది! రెండు సందేహాలు. రాత్రిపూట డాక్టరు మొటిమలకు రాసిన అడపలీన్ జెల్ వాడుతున్నాను, ముందు చెప్పడం మరిచాను. మా ఆడబిడ్డ కూడా మొదలుపెడతానంటోంది. తను మందుల షాపులో అడిగి తెచ్చుకున్న తెల్లబడే క్రీము ఏడాదిగా రాస్తోంది.

వేపచెట్టు_నీడ

అడపలీనా! పొట్టుకు ఇప్పుడు కారణం పూర్తిగా దొరికింది. ఆ జెల్లే మొదట్లో చర్మాన్ని ఆరబెట్టి పొట్టు లేపుతుంది, దాని మీద మీ నిమ్మకాయ, ఎండిన మట్టి. మట్టి వేసే రోజు రాత్రి, దాని ముందు రాత్రి జెల్ ఆపండి. మొటిమలకు పూసే బెంజాయిల్ పెరాక్సైడ్‌కూ ఇదే లెక్క. మొటిమలకే ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతుంటే మట్టి మాటే ఎత్తొద్దు. మొటిమకు మందు మీ జెల్లే, మట్టి కాదు. ముక్కు మీద నల్లచుక్కలు మిగిలితే సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం ఫేస్‌వాష్ మేలు, అది కూడా డాక్టరును అడిగాకే, జెల్‌తో కలిస్తే మళ్లీ పొట్టు. ఆవిరి పట్టి "రంధ్రాలు తెరుచుకున్నాక" మట్టి వేయక్కర్లేదు. అవి తలుపులు కావు, తెరుచుకోవు, మూసుకోవు.

మీ ఆడబిడ్డ సంగతి తొందరగా చూడండి. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. ఏడాది రాస్తే చర్మం పల్చబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి, ఎండకు భగ్గుమంటుంది. ఆ ముఖానికి ఏ మట్టీ పడదు. ఒక్కసారిగా మానేసినా ముఖం ఎర్రగా పొంగుతుంది, అందుకే చర్మ డాక్టరు చేతే మాన్పించాలి. ట్యూబు కూడా తీసుకెళ్లమనండి.

కనిగిరి_ఎండ (ప్రకాశం)

అమ్మా, నుదుటి మీద ఒకే సైజు చిన్న పొక్కులు, దురదగా, చెమట పట్టినప్పుడు ఎక్కువగా ఉంటే అది మొటిమ కాకపోవచ్చు, ఫంగస్ రకం. దానికి మట్టి పనిచేయదు, డాక్టరుకు చూపించండి.

కడిగిన మట్టి వాష్ బేసిన్‌లో పోయొద్దు. కింద వంపు గొట్టంలో దిగి, జుట్టుతో కలిసి గట్టిపడుతుంది. మొదటి రెండు తుడుపులు గుడ్డతో తీసి ఆ గుడ్డను బక్కెట్టులో జాడించి చెట్టుకు పోయండి. మిగిలిన ముద్ద ఫ్రిజ్‌లో దాచొద్దు, తడి మట్టికి బూజు పడుతుంది. పెరుగో తేనో కలిపిందైతే ఆ పూటకే సరి.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

బేసిన్ ఇప్పటికే నిదానంగా దిగుతోంది, కారణం ఇదన్నమాట. ఇంకో నెలలో ఇంట్లో పెళ్లుంది. మూడు వారాలు ఆపితే ఆ లోపు ఎప్పుడు వేయాలి?

వేపచెట్టు_నీడ

మూడు వారాల తర్వాత పొట్టు లేకపోతే, కొత్త ప్యాకెట్టు మట్టి ముందు దవడ కింద రూపాయి బిళ్లంత పూసి తీసేసి, రెండు రోజులు చూడండి. ఏమీ కాకపోతే ముక్కు, నుదురు, గడ్డానికి ఒక్కసారి, అదీ పెళ్లికి మూడు రోజుల ముందు. ముందు రోజు వద్దు. ఎరుపొస్తే తగ్గడానికి టైముండాలి. అప్పటికీ పొట్టు ఉంటే పెళ్లయ్యాకే.