ఒలింపియా హియరింగ్‌లో అక్క మాట్లాడాలి: ఏఐ సాయంతో ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటాం. మా అక్క బోథెల్‌లో ఇంట్లోనే లైసెన్సుతో డే కేర్ నడుపుతుంది. డే కేర్ సబ్సిడీల మీద ఒక బిల్లు రాష్ట్ర చట్టసభలో హౌస్ కమిటీకి వచ్చింది, వచ్చే వారం రాజధాని ఒలింపియాలో హియరింగ్, అంటే కమిటీ ముందు జనం తమ మాట చెప్పుకునే సమావేశం. తోటి డే కేర్ వాళ్లంతా "మా తరఫున నువ్వే మాట్లాడు" అని అక్క మీద పెట్టారు. తనకు ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ మైకు ముందంటే టెన్షన్. నేను ఏఐతో ఒక స్పీచ్ రాయించాను. చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. అక్క మాత్రం "ఇది నేను మాట్లాడినట్టు లేదురా" అంటోంది. ఇలాంటి హియరింగ్‌కి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా దారి చూపించగలరా?

జవాబు

మీ అక్కగారు చెప్పిందే కరెక్టండి. ఆ స్పీచ్ పక్కన పెట్టేయండి.

కారణం చెప్తాను. హియరింగ్ అయ్యాక కమిటీ స్టాఫ్ బిల్ రిపోర్టు తయారు చేస్తారు. మద్దతుగా వచ్చినవాళ్లు ఏమన్నారు, వ్యతిరేకంగా వచ్చినవాళ్లు ఏమన్నారు అని కొద్ది వాక్యాల్లో రాస్తారు, మాట్లాడినవాళ్ల పేర్లు కింద ఇస్తారు. ఆ రోజు గదిలో లేని సభ్యులకు కూడా మీ మాట చేరేది అక్కడి నుంచే. పదిమంది ఏఐతో రాయించుకొస్తే పదీ ఒకేలా ఉంటాయి, అన్నీ కలిసి ఒక్క వాక్యమైపోతాయి. "సబ్సిడీ డబ్బు చేతికొచ్చేలోపే అసిస్టెంటుకు జీతం ఇవ్వాలి, ఆ నెల ఇంటి మార్ట్‌గేజ్ ఆలస్యమైంది" అని అక్క చెబితే అది విడిగా నిలబడుతుంది. నిజంగా జరిగిందైతేనే సుమా.

అందుకని ముందు ఆవిడను తెలుగులోనే ఫోన్‌లో రికార్డు చేయండి. నెల ఎలా గడుస్తుంది, ఎక్కడ ఇబ్బంది, ఈ బిల్లు వస్తే ఏం మారుతుంది అని మీరు అడగండి, ఆవిడను మాట్లాడనివ్వండి. దాన్ని ఏఐతో రాతలోకి మార్పించి, ఇలా చెప్పండి: "ఇందులోంచి బలమైన రెండు సంగతులు తీయి. ఆవిడ అనని మాట ఒక్కటి కూడా చేర్చకు. ప్రతి వాక్యం పక్కన అది ఆవిడ ఏ మాటలోంచి వచ్చిందో చూపించు." పక్కన మూలం ఉంటే కల్పించినవి వెంటనే దొరికిపోతాయి. అంకెలు మాత్రం ఆడియో మళ్లీ విని సరిచూడండి. పదిహేను, పదిహేడు లాంటివి తెలుగు ఆడియోలో తారుమారవుతాయి.

తర్వాత ఇంగ్లీషులో ఆవిడే చెప్పాలి, మీరు రాసుకోవాలి. సాధారణంగా ఒకటి రెండు నిమిషాలే ఇస్తారు. జనం ఎక్కువైతే చైర్ (కమిటీ అధ్యక్షులు) అప్పటికప్పుడు తగ్గించేస్తారు కూడా. కాబట్టి రెండు నిమిషాలదీ, ఒక నిమిషందీ రెండూ చేతిలో ఉండాలి. కుదించడానికి ఏఐ బాగా పనికొస్తుంది. "చైర్ అండ్ మెంబర్స్ ఆఫ్ ది కమిటీ, ఫర్ ది రికార్డ్, మై నేమ్ ఈజ్..." దగ్గర మొదలుపెట్టి గట్టిగా చదివించి టైమ్ చూడండి. కంటితో చదివితే టైమ్ తెలియదు.

ఇంకొకరు

బిల్లు గురించి ఒక ముఖ్యమైన సంగతి. ఏఐని "ఈ నంబరు బిల్లులో ఏముంది" అని ఊరికే అడగకండి. పాతదో, వేరే ఏడాదిదో చెప్పేస్తుంది. లెజిస్లేచర్ వెబ్‌సైట్ నుంచి తాజా బిల్లు తీసి ఇవ్వండి. ఇక్కడ కూడా ఒక చిక్కుంది. మన రాష్ట్ర బిల్లుల్లో కొత్తగా చేర్చే మాటల కింద గీత ఉంటుంది, తీసేసే మాటలు డబుల్ బ్రాకెట్లలో కొట్టివేతతో ఉంటాయి. కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ గీతలు పోయి, తీసేసేదీ ఉండేదీ కలిసిపోతాయి. ఏఐ రెండింటినీ చట్టమనుకుని వివరిస్తుంది. పీడీఎఫ్ పక్కన తెరిచి పెట్టుకుని, అక్క ప్రస్తావించే సెక్షన్‌ను మీ కళ్లతో చదవండి. హియరింగ్‌కి ముందు దాని స్థానంలో సబ్‌స్టిట్యూట్ (మార్పులు చేసిన కొత్త ప్రతి) ఏమైనా ప్రతిపాదించారేమో కూడా చూడండి.

పరిశోధనలు, సర్వేలు ఏఐ ఇస్తే అసలు పేపరు మీ చేతికి వచ్చేదాకా వాడొద్దు. మినెసోటాలో డీప్‌ఫేక్ చట్టం మీద నడిచిన కేసులో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెఫ్ హాంకాక్ కోర్టుకు నిపుణుడిగా ఇచ్చిన డిక్లరేషన్‌లో (ప్రమాణపూర్వక ప్రకటనలో) ఏఐ కల్పించిన, అసలు లేని పేపర్లు దొర్లాయి. 2025 జనవరిలో జడ్జి దాన్ని పరిగణించనన్నారు. తప్పుడు సమాచారం మీద నిపుణుడికే అలా జరిగింది. అక్కకు పరిశోధనలతో పనే లేదు, తన పుస్తకంలోని లెక్కలు చాలు.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండి. సభ్యులు ఎదురు ప్రశ్న వేస్తారేమోనని అక్కకు ఇంకా భయంగా ఉంది.

జవాబు

దానికే ఏఐ అసలైన సాయం. వాయిస్ మోడ్ పెట్టి ఇలా చెప్పండి: "నువ్వు ఈ బిల్లు ఖర్చు మీద అనుమానం ఉన్న కమిటీ సభ్యుడివి. ఒకసారికి ఒక్క ప్రశ్నే అడుగు. నేను జవాబు చెప్పేదాకా ఆగు. జవాబు నువ్వు చెప్పకు." "సబ్సిడీ పెరిగితే మీ దగ్గర మిగతా తల్లిదండ్రులకు ఫీజు తగ్గిస్తారా?" లాంటివి వస్తాయి. ఇలాంటిదానికి ఇంట్లోనే ఒకసారి తడబడితే మంచిది. తెలియని లెక్క అడిగితే "ఆ అంకె ఇప్పుడు నా దగ్గర లేదు, రాసి పంపిస్తాను" అనడం నేర్పండి. హియరింగ్ మొదలైన 24 గంటల దాకా రాతపూర్వక టెస్టిమొనీ (కమిటీకి చెప్పుకునే మాట) తీసుకుంటారు. జవాబులు మాత్రం బట్టీ పట్టించొద్దు. ఏ విషయం చెప్పాలో ఆవిడకు తెలిస్తే మాటలు అవే వస్తాయి.

పిల్లల పేర్లు, తల్లిదండ్రుల వివరాలు ఏఐలోనూ పెట్టొద్దు, టెస్టిమొనీలోనూ వద్దు. అది పబ్లిక్ రికార్డు, వీడియో టీవీడబ్ల్యూలో (చట్టసభ సమావేశాలు ప్రసారం చేసే రాష్ట్ర ఛానెల్‌లో) ఉండిపోతుంది.

మరొకరు

ఢిల్లీలో పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్లేవాళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా? మా సంఘం వాళ్లు ఒక మెమొరాండం పంపారు.

జవాబు

ప్రాక్టీసు వరకు పనికొస్తుంది. కాకపోతే అక్కడ కమిటీ సమావేశాలు ఆంతరంగికం. రిపోర్టు సభ ముందు పెట్టేదాకా అక్కడ ఇచ్చిన సాక్ష్యం బయటపెట్టకూడదు, పెడితే సభా హక్కుల ఉల్లంఘన అవుతుంది. కమిటీ పంపిన ప్రశ్నావళి, మీరిచ్చే జవాబులు బయటి ఏఐ చాట్‌లో అతికించకండి. బహిరంగంగా ఉన్న బిల్లు పాఠంతోనే సాధన చేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇంకొక్కటి. అక్కకు బిల్లు ఇష్టమే గానీ ఒక సెక్షన్ మీద అభ్యంతరం ఉంది. మాట్లాడటానికి పేరు ఇచ్చేటప్పుడు (సైన్ ఇన్) మద్దతా, వ్యతిరేకమా, ఏది ఎంచుకోవాలి?

జవాబు

ప్రో (మద్దతు), కాన్ (వ్యతిరేకం), అదర్ (ఇతరం) అని మూడుంటాయి. అభ్యంతరం చిన్నదైతే ప్రో పెట్టి, ఆ సెక్షన్ నంబరు మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పమనండి. అది మారకపోతే బిల్లే వద్దనుకుంటే అదర్ పెట్టండి. హియరింగ్‌కి గంట ముందే సైన్ ఇన్ మూసేస్తారు, ముందు రోజే చేసేయండి. ఒలింపియా దాకా వెళ్లలేకపోతే రిమోట్‌గా మాట్లాడే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది.