అప్‌డేట్: సెల్యులోజ్ డ్రమ్ములు రామన్ పరీక్షలో ఎందుకు ఫెయిల్ అయ్యాయంటే

మా మందుల తయారీ యూనిట్‌కు వచ్చిన మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ (మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి) చేతి రామన్ పరికరంలో (లేజర్ వేసి, చెదిరిన కాంతిని బట్టి పదార్థాన్ని గుర్తించేది) ఫెయిల్ అవుతోందని, అదే నమూనా ల్యాబ్‌లోని ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో పాస్ అవుతోందని గత నెల అడిగాను. అది కల్తీ కాదు, ఫ్లోరొసెన్స్ (కాంతి పడినప్పుడు పదార్థం తానే వెలుగు చిమ్మడం) అయి ఉంటుందని మీలో ఇద్దరు ఇచ్చిన సమాధానమే నిజమైంది.

మా పరికరంలోని లేజర్ తరంగదైర్ఘ్యం 785 నానోమీటర్లు. ఆ కాంతి పడగానే పొడిలోని స్వల్ప మలినాలు తామే వెలుగు చిమ్మడంతో, దాదాపు కోటి ఫోటాన్లలో (కాంతి కణాల్లో) ఒక్కదానికే జరిగే రామన్ పరిక్షేపణం (కాంతి తరంగదైర్ఘ్యం మారి చెదరడం) ఆ వెలుగులో మునిగిపోయింది. తెర మీద 1095 సెం.మీ⁻¹ దగ్గర నిటారుగా లేవాల్సిన సెల్యులోజ్ శిఖరం ఏటవాలు గట్టు మీద గడ్డిపోచలా కనిపించేది. (1923లో కలకత్తాలో రామన్ శిష్యులు రామనాథన్ గారు ఈ పరిక్షేపణాన్ని మొదట చూసినప్పుడు మలినాల వల్ల కలిగిన బలహీన ఫ్లోరొసెన్స్‌గానే భావించారు, మేము సరిగ్గా దానికి ఎదురు పొరపాటు చేశాం.)

1064 నానోమీటర్ల పరికరాన్ని అరువు తెచ్చి, డ్రమ్ములోని పాలిథీన్ సంచి విప్పకుండానే ఆనించి చూస్తే, ఈ లేజర్ శక్తి మలినాలను వెలిగించడానికి చాలక గట్టు పోయి శిఖరం తేటగా నిలిచింది. అయితే పరిక్షేపణం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది కనుక, సంకేతం మునుపటి దానిలో దాదాపు 30 శాతమే ఉండి, ఒక్కో సంచికి ఎక్కువ సమయం పడుతోంది. పాలిథీన్‌కు కూడా 1295 సెం.మీ⁻¹ దగ్గర సొంత శిఖరం ఉన్నందున, ఖాళీ సంచి వర్ణపటాన్ని విడిగా తీసి మినహాయిస్తున్నాం.

సరఫరాదారుకు తొందరపడి పంపిన ఫిర్యాదును క్షమాపణతో వెనక్కి తీసుకున్నాం.